రెండొందల ఆరు మీద ‘మాట్లాడండి’

కంప్యూటర్ ప్రోగ్రామ్ తనంతట తాను ఏ పనీ చెయ్యజాలదనీ, ప్రతిదానికీ అనుమతి అడుగుతుందనీ తీరప్రాంత గాలి హెచ్చరికల డైరెక్టరేట్‌లో మొట్టమొదట చెప్పింది సూరాడ నూకరత్నం. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆఫీసులో నిజం చెప్పేముందు అది ఎవరి చెవిన పడుతోందో చూసుకోవాలని ఆమెకు అప్పటికింకా తెలియదు.

డైరెక్టరేట్ చేసే పని చిన్నది. వాతావరణ కేంద్రం నుంచి గాలి లెక్కలు వస్తాయి. ఒక ప్రోగ్రామ్ వాటిని చదివి, వేటకెళ్ళిన పడవల్లోని శాటిలైట్ పెట్టెలకు నాలుగు ముక్కల కబురు పంపుతుంది. గాలి బాగుందనో, వెనక్కి రమ్మనో. ఒడ్డు వదిలి లోపలికి పోయాక సెల్‌ఫోన్లు పనిచెయ్యవు కాబట్టి పడవలవాళ్ళకు ఆ పెట్టే దిక్కు. రత్నం అన్న ఎల్లాజీ పడవలోనూ ఒక పెట్టె ఉంది. వాళ్ళ ఊళ్ళో ఇంజనీరింగ్ చదివిన మొదటి పిల్ల రత్నమే. కాంట్రాక్టు ఉద్యోగమైనా, అన్నకు వెళ్ళే కబురు తన చేతిమీదుగా వెళుతుందని ఆమెకు లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

ఆ ఏడు ఆఫీసుకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాతవాటిలా కాకుండా వీటిలో రిస్క్-ఫైవ్ రకం ప్రాసెసర్లున్నాయి. పేరులోనే రిస్కుంటే ఆడిట్‌వాళ్ళు ఊరుకోరని డైరెక్టర్ తాళ్ళూరి విశ్వప్రకాశం గారు ఫైళ్ళలో దాన్ని ‘భద్రత-ఫైవ్’ అని రాయించారు. అంతా బాగానే ఉంది కానీ, కొత్త యంత్రం మీద కబుర్లు కాస్త ఆలస్యంగా వెళ్ళడం మొదలైంది. ఎందుకో చూడమంటే రత్నం ప్రోగ్రామ్‌కు ట్రేస్ పెట్టింది. అది లోపల ఏమేం అడుగుతోందో ఒక్కొక్కటీ తెర మీద వరసగా పడసాగింది. ఒకే ఫైలును పిచ్చిదానిలా మళ్ళీ మళ్ళీ తెరుస్తోందని ఆమెకు చప్పున తెలిసిపోయింది. సరిచెయ్యడానికి పూట పట్టని పని. ఆ పని చేసేసి ఊరుకుంటే ఈ కథ లేదు. డైరెక్టర్ గారు చూస్తే కాంట్రాక్టు పొడిగిస్తారేమోనని ఆశపడి ఆయన్ను పిలిచి చూపించింది.

“ప్రోగ్రామ్‌కు సొంతంగా చేతులుండవు సార్. ఫైలు తెరవాలన్నా, చదవాలన్నా, కబురు పంపాలన్నా కెర్నెల్‌ని అడగాలి. ఆ అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు. కెర్నెల్ సరేనంటేనే పని జరుగుతుంది.”

డైరెక్టర్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. “ఈ కెర్నెల్ ఎవరు?”

“మనిషి కాదు సార్. కంప్యూటర్‌లో అన్నిటికంటే లోపల ఉండే ప్రోగ్రామ్.”

“గెజిటెడా?”

రత్నం నవ్వబోయి, ఆయన నవ్వడం లేదని చూసి ఆగిపోయింది.

“నిన్నటినుంచి ఎన్ని అనుమతులిచ్చిందమ్మా ఇది?”

“లక్షకు పైగా ఉంటాయి సార్.”

“లక్ష!” డైరెక్టర్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. “నేను ఈ సీట్లో కూర్చున్నాక మొత్తం కలిపి మూడు వందల ఫైళ్ళ మీద సంతకం పెట్టి ఉంటాను. నా ఆఫీసులో, నా కరెంటు తింటూ, ఒక్క ఫైలైనా నాకు పుటప్ చెయ్యకుండా ఎవరో లక్ష అనుమతులిచ్చేస్తుంటే, ఇన్నాళ్ళూ ఒక్కరూ నాకు చెప్పలేదు. నువ్వు చెప్పావు. శభాష్.”

శభాష్ అనిపించుకున్నందుకు రత్నం ఆ రోజంతా సంతోషంగానే ఉంది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ‘డైరెక్టరేట్ పరిధిలోని సమస్త ప్రోగ్రాములు తమ విన్నపములను నేరుగా కెర్నెల్‌కు సమర్పించుకొనుట తక్షణము నిలుపుదల చేయడమైనది. ఇకపై ప్రతి విన్నపము సక్రమ మార్గమున సెక్షన్ ద్వారా డైరెక్టర్ వారి పరిశీలనకు వచ్చి, ఆమోదము పొందిన పిదప మాత్రమే కెర్నెల్‌కు పంపబడును. కెర్నెల్ ఇందుకు సహకరించవలెను.’ కాపీ టు కెర్నెల్ అని కింద రాశారు. దాన్ని ఎక్కడ అందజెయ్యాలో తెలియక అటెండరు కంప్యూటర్ పెట్టె మీద టేపు పెట్టి అతికించాడు.

ప్రోగ్రామ్‌ను ప్రతి సిస్టమ్ కాల్ దగ్గరా ఆపి, మీట నొక్కితేనే కదిలేటట్టు చెయ్యడం రత్నానికి పెద్ద కష్టం కాలేదు. ట్రేస్ చేసేవాళ్ళకు తెలిసిన విద్యే అది. ఆమెను ‘ట్రేసింగ్ నోడల్ అధికారి’ని చేసి, బల్ల మీద పేరు చెక్క పెట్టారు. పని ఇలా నడిచేది. ప్రోగ్రామ్ ఒక కాల్ దగ్గర ఆగుతుంది. తెర మీద దాని నెంబరు పడుతుంది. సూపరింటెండెంట్ గుండాబత్తుల సాంబమూర్తి గారు ఆ నెంబరు మీద నోటు రాస్తారు. డైరెక్టర్ గారు సంతకం పెడతారు. రత్నం మీట నొక్కుతుంది. ప్రోగ్రామ్ ఒక్క అడుగు వేసి మళ్ళీ ఆగుతుంది.

ఈ లెక్కన ఒక కబురు బయటికి రావడానికి ఒక తరం పడుతుందని రత్నం కంగారుపడి, ప్రోగ్రామ్‌ను చెక్కి చెక్కి, కబురుకు పాతిక ముప్పై కాల్స్‌తో సరిపెట్టుకునేటట్టు చేసింది. పొదుపు సాధించామని డైరెక్టర్ గారు పైకి రాసుకున్నారు.

అసలు తిరకాసు నెంబర్ల దగ్గర వచ్చింది. ఏ నెంబరంటే ఏ పనో చెప్పే ఆమోదిత పట్టిక ఒకటి ఆఫీసులో ఉంది. పాత కంప్యూటర్ల కాలంలో తెలుగు చేయించి, సీలు వేసి, లామినేషన్ చేయించిన పట్టిక. ప్రాసెసర్ రకం మారితే ఈ నెంబర్లన్నీ మారిపోతాయి. పాత రకంలో ఒక పనికి ఉన్న నెంబరు కొత్త రకంలో మరో పనికి ఉంటుంది. ఆ మాటే రత్నం డైరెక్టర్ గారికి చెప్పింది.

“కొత్త పట్టిక ఇంటర్నెట్‌లో ఉంది సార్, ఇప్పుడే తీసిస్తాను.”

“దాని మీద సీలుందా?”

“లేదు సార్.”

“మన పట్టిక మీద ఉంది. యంత్రాలు వస్తుంటాయి, పోతుంటాయమ్మా. ప్రాసెసర్ పట్టికకు లోబడి నడుచుకోవాలి గానీ, పట్టిక ప్రాసెసర్ వెంట పరిగెత్తితే ఇక పరిపాలన ఎందుకు?”

అలా పాత పట్టికే ఖాయమైంది. కొత్త యంత్రంలో అరవై మూడంటే చదవడం. పట్టికలో మాత్రం అరవై మూడంటే ‘ఎదుటివారి పేరు, వివరము అడుగుట’ అని ఉంది. ప్రోగ్రామ్ గాలి లెక్కలు ఒక వరస చదవబోయినప్పుడల్లా డైరెక్టర్ గారికి ‘తమరి పేరు, వివరము అడుగుతున్నది’ అని ఫైలు వెళ్ళేది. మొదటి రెండుసార్లు ఆయన ఓపిగ్గా తన పేరూ, డిగ్రీలూ, హోదా రాసిచ్చారు. నాలుగోసారి ముఖం ఎర్రబడింది. “పొద్దున చెప్పిందే కదా! దీనికి నేనెవరో గుర్తుండదా?” అని మండిపడి, పేరు చెక్క ఇంకొకటి చేయించి కంప్యూటర్ ఎదురుగా పెట్టించారు.

యాభై ఏడంటే కొత్త యంత్రంలో తెరిచిన ఫైలు మూసెయ్యడం. పట్టికలో ‘సంతానమును కనుట’. పొద్దుటి నుంచి ఇది నాలుగో కాన్పు అని సాంబమూర్తి గారు నోటులో రాసి, ఇద్దరికి మించి అనుమతించవచ్చునా అని స్పష్టత కోరారు. డైరెక్టర్ గారు రెండింటితో ఆపమన్నారు. మూడో ఫైలు మూసే యోగం లేక ప్రోగ్రామ్ దాన్ని తెరిచే పెట్టుకుని బతికింది.

అరవై రెండు దగ్గర ఆఫీసంతా కలాలు కింద పెట్టేసింది. ఫైల్లో ఒకచోటి నుంచి మరోచోటికి జరగడానికి ప్రోగ్రామ్ వాడుకునే నెంబరది. పట్టికలో దాని ఎదురుగా ‘చంపుట’ అని ఒక్క మాటే ఉంది.

“ఎవర్నమ్మా?” అన్నారు సాంబమూర్తి గారు గొంతు తగ్గించి.

“ఎవర్నీ కాదు సార్. పేజీ తిప్పుతోందంతే.”

“చంపుట అని అచ్చులో ఉంటే పేజీ తిప్పుట అని నేనెలా రాసేది? రేపు ఎవరైనా చస్తే?”

ఫైలు న్యాయ సలహాకు వెళ్ళింది. అది తిరిగొచ్చే ఆశ లేదని తెలిసి, రత్నమే ప్రోగ్రామ్‌ను మళ్ళీ చెక్కి అరవై రెండు అవసరం లేకుండా చేసింది. ‘నోడల్ అధికారి కృషి ఫలితముగా ప్రోగ్రామ్ హింసామార్గమును విడనాడినది’ అని రికార్డయింది.

వీటన్నిటినీ ఎలాగోలా దాటుకుని ప్రోగ్రామ్ చివరికి రెండొందల ఆరు దగ్గరికి వచ్చేది. కబురు పంపే నెంబరు అదే. అది దాటితే పడవల పెట్టెలు మోగుతాయి. పట్టికలో రెండొందల ఆరు ఎదురుగా ‘అసమకాలిక ఆగమ నిర్గమ సందర్భ సంస్థాపన’ అని ఉంది. ఆ ముక్కకు అర్థం సాంబమూర్తి గారికి తెలియలేదు. డైరెక్టర్ గారికీ తెలియలేదు. తెలియదని ఫైలు మీద రాసే అలవాటు ఆ హోదాలో ఉండదు. అలాంటప్పుడు రాయవలసిన మాట వేరే ఉంది. ఆయన మార్జిన్‌లో ఆకుపచ్చ సిరాతో ‘మాట్లాడండి’ అని రాసి పంపేశారు.

మాట్లాడడానికి సాంబమూర్తి గారు వెళ్ళినప్పుడల్లా డైరెక్టర్ గారు మీటింగ్‌లో ఉండేవారు. ప్రోగ్రామ్ రెండొందల ఆరు దగ్గర చెయ్యి చాచి నిలబడేది. మర్నాటి గాలి లెక్కల కోసం దాని ఇంకో కాపీ బయల్దేరి, అదీ వచ్చి మొదటిదాని వెనకాల నిలబడేది. సముద్రం ప్రశాంతంగా ఉన్న రోజులు కాబట్టి కబుర్లు వెళ్ళడం లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. పడవలవాళ్ళకు పట్టింది.

“ఏటే సెల్లీ, పెట్టి మూగదైపోనాదేటి?” అన్నాడు ఎల్లాజీ ఒకరోజు అన్నం తింటూ. “కబురొచ్చి సానా దినాలైపోనాది.”

“ప్రాసెస్‌లో ఉందన్నా.”

“అంటే ఏటి? గాలొత్తే సెప్తాదా, సెప్పదా?”

“చెప్తాది. రూల్స్ కొంచెం మారినాయి.”

“మేం సముద్రం మీదున్నప్పుడు రూల్సేటో మాకెలా తెలుస్తాది? నువ్వున్నావని ఎల్తన్నాం.” అతను కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. తెల్లారేసరికి పడవ వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నాలుగైదు రోజులకు గాని తిరిగి రాడు. ఆ రోజు ఆఫీసుకు వెళ్ళి తన పేరు చెక్క చూసుకుంటే రత్నానికి మొదటిసారి సిగ్గేసింది.

ఆ మర్నాటి మధ్యాహ్నం వాతావరణ కేంద్రం నుంచి లెక్కలొచ్చాయి. రత్నం వాటిని చదివి లేచి నిలబడింది. అల్పపీడనం అనుకున్నది దారి మార్చి ముదిరింది. తెల్లవారేలోపు లోపలి సముద్రంలో ఒక్క చిన్న పడవా నిలవదు. ఇప్పుడు కబురు వెళితే చీకటిపడేలోపు అందరూ ఒడ్డుకు చేరతారు. ప్రోగ్రామ్ ఆ లెక్కలు తీసుకుని బయల్దేరింది. డైరెక్టర్ గారి పేరు మళ్ళీ మళ్ళీ అడిగినా, ఇద్దరు పిల్లల్ని కన్నా, వాటికి రత్నం ముందే సంతకాలు పెట్టించి ఉంచింది కాబట్టి చకచకా నడిచి రెండొందల ఆరు దగ్గరికొచ్చి ఆగింది.

“సార్, దీన్ని వదలాలి. ఇప్పుడే!”

“రెండొందల ఆరు మీద ‘మాట్లాడండి’ ఉందమ్మా,” అన్నారు సాంబమూర్తి గారు.

“అయితే మాట్లాడండి సార్. ఫోన్ చెయ్యండి.”

“డైరెక్టర్ గారు రాజధానిలో ఉన్నారు. మన ట్రేసింగ్ విధానం గురించి పెద్దవాళ్ళకు చెబుతున్నారు. అదీగాక, ‘మాట్లాడండి’ అంటే ఎదురుగా నిలబడి మాట్లాడాలని. ఫోన్‌లో చాలనుకుంటే ‘ఫోన్ చేయండి’ అనే రాసేవారు. ఆయన మాట వాడకంలో చాలా నిక్కచ్చి.”

“అక్కడ మా అన్న ఉన్నాడు సార్! ఊరంతా అక్కడే ఉంది!”

ముప్పై ఏళ్ళ సర్వీసులో సాంబమూర్తి గారు ఎవరి అన్న గురించీ నోటు రాయలేదు. కాసేపు కలం మూత తీసి, పెట్టి, మెల్లగా అన్నారు. “మీట నొక్కితే సీనియారిటీ ప్రకారం ముందొచ్చిన కాపీ ముందు కదులుతుంది. అది చెప్పేది గాలి బాగుందనే కదా?”

రత్నానికి ఆ సంగతి తట్టనే లేదు. క్యూలో ముందున్నవన్నీ ప్రశాంతమైన రోజులవి. మీట నొక్కిన కొద్దీ ‘గాలి బాగుంది, వేట సాగించండి’ అన్న కబుర్లు ఒకదాని వెనక ఒకటి పడవలకు వెళతాయి.

“నాకు మధ్యాహ్నం టీ తాగే అలవాటుంది,” అన్నారు సాంబమూర్తి గారు లేస్తూ. “తాగుతున్నప్పుడు నేను కిటికీలోంచి బయటికే చూస్తాను.”

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి వీపు తిప్పి నిలబడ్డారు. చేతిలో టీ గ్లాసు లేదు. రత్నం కూర్చుని పాత కాపీలన్నిటినీ ఒక్క ఆదేశంతో చంపేసింది. వరసలో కొత్తది ఒక్కటే మిగిలింది. నోటు లేదు, సంతకం లేదు. మీట నొక్కింది.

చీకటిపడుతుండగా పడవలు ఒక్కొక్కటే ఒడ్డెక్కాయి. రాత్రి గాలి లేచి జెట్టీ గోడ కూలగొట్టింది, ఇళ్ళ మీది రేకులు ఊళ్ళు దాటించింది. తెల్లవారి లెక్కపెట్టుకుంటే మనిషన్నవాడు ఒక్కడూ తగ్గలేదు. ఎల్లాజీ ఇంటి ముందు పడ్డ కొబ్బరిమట్టలు లాగుతుంటే, రత్నం గుమ్మంలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

డైరెక్టర్ గారు రెండో రోజు వచ్చి విలేకరులను పిలిచారు. ‘ప్రతి సిస్టమ్ కాల్‌నూ మానవీయ దృష్టితో పరిశీలించి అనుమతించే మా విధానం వల్లనే ప్రాణనష్టం శూన్యం’ అన్నారు. పైవాళ్ళు మెచ్చుకున్నారు. ఈ విధానాన్ని వెంటనే అంబులెన్స్ కాల్ సెంటర్‌కూ, ఆ తర్వాత వరద గేట్లకూ విస్తరించాలని ఉత్తర్వు తయారైంది.

అది చదివిన రోజున రత్నం ఒక తెల్లకాగితం తీసుకుని తన నేరం తానే రాసిచ్చింది. అనుమతి లేకుండా పాత కాపీలను చంపాననీ, రెండొందల ఆరును వదిలాననీ, విధానం ప్రకారం నడిచి ఉంటే ఆ కబురు వెళ్ళేదే కాదనీ, పడవలన్నీ సముద్రంలో ఉండిపోయేవనీ రాసింది. ఉద్యోగం పోతే పోయింది, ఆ ఉత్తర్వు ఆగితే చాలనుకుంది.

విచారణకు ఒక కమిటీ వేశారు. దాని అధ్యక్షుడు రిటైరైన పెద్ద అధికారి. ఆయన ముందు పట్టిక ఉంది, ఆనాటి ట్రేస్ ఉంది.

“కాపీలను చంపినట్టు రాశారు,” అన్నారాయన. “పట్టిక ప్రకారం చంపుట అనగా అరవై రెండు. ఆనాటి ట్రేస్‌లో అరవై రెండు ఎక్కడా లేదు. పైగా ప్రోగ్రామ్ హింసను విడనాడిందని మీ కృషిని ప్రశంసిస్తూ ఇక్కడే రికార్డు ఉంది. కాబట్టి చంపలేదు.”

“చంపాను సార్.”

“ఆవేశపడకండి. ఇక రెండొందల ఆరు. మీరు వదిలింది రెండొందల ఆరేనా?”

“అవును సార్. కబురు పంపేది అదే.”

“రెండొందల ఆరు అనగా అసమకాలిక ఆగమ నిర్గమ సందర్భ సంస్థాపన.” ఆయన తల ఎత్తి ఆమెను జాలిగా చూశారు. “ఇందులో కబురు ఎక్కడుందమ్మా? పంపుట ఎక్కడుంది? మీరు అనుమతి లేకుండా ఏదో సంస్థాపించి ఉండవచ్చు. హెచ్చరిక మాత్రం మీరు పంపలేదు.”

“మరి పడవలు ఎలా వచ్చాయి సార్?”

“పడవలు వచ్చాయి అంటే హెచ్చరిక వెళ్ళింది. హెచ్చరిక వెళ్ళింది అంటే సక్రమ మార్గంలోనే వెళ్ళి ఉండాలి. వేరే మార్గం ఉత్తర్వు ద్వారా మూసివేయబడింది కదా. అలసిపోయి ఏదో ఊహించుకున్నారు. ఇంత చిత్తశుద్ధి ఉన్నవాళ్ళకు అలా జరుగుతూనే ఉంటుంది.”

నేరం రుజువు కాలేదు. అంతటితో వదిలితే బాగుండేది. స్వయంగా విచారణ కోరుకున్న నిజాయితీకి మెచ్చి ఆమె ఉద్యోగం పర్మినెంట్ చేశారు. మిగతా శాఖలవాళ్ళకు ట్రేసింగ్ నేర్పడానికి రాజధానికి బదిలీ చేశారు. ఆమె వద్దంది. వద్దనడానికి నియమాల్లో వీల్లేదన్నారు.

ఆమె పెట్టె సర్దుకుంటున్న రోజు పొద్దున్నే ఎల్లాజీ, మరో పదిమంది పడవలవాళ్ళు పెద్ద వంజరం చేప పట్టుకుని ఆఫీసుకు వచ్చారు. డైరెక్టర్ గారికి ఇచ్చి, దండం పెట్టి పోదామని. వాళ్ళను చూసి రత్నం వరండాలోకి వచ్చి, ఉన్నదున్నట్టు అన్నకు చెప్పేసింది. ఆ రోజు ఏం జరిగిందో, కమిటీ ఏమందో, తనను ఎక్కడికి పంపుతున్నారో అంతా.

ఎల్లాజీ చేపను ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకున్నాడు. “నువ్వెల్లిపోతే ఆ మీట కాడ ఎవులు కూకుంతారు?”

“కొత్తాయన వస్తన్నాడన్నా. ఎంతో నిజాయితీపరుడంట. సంతకం లేకుండా ఇప్పటిదాకా వేలు కదిపింది లేదంట.”

ఎల్లాజీ వెనక్కి తిరిగి తనవాళ్ళను ఒకసారి చూశాడు. గది తలుపు దగ్గర డైరెక్టర్ గారు చేప కోసం చెయ్యి చాచి నిలబడి ఉన్నారు.

“అంత మంచోడొత్తే,” అన్నాడు ఎల్లాజీ, “మేం ఏటకెల్లడం మానీయాల సెల్లీ.”